ఫ్రాన్స్ గోడలు, రొట్టె ధరలు

సోమవారం, పారిస్

ఈ ప్రయాణంలో ఈఫిల్ టవర్‌తో నాకు పని లేదు. ఫ్రాన్స్‌లో ప్రభుత్వాలూ, వాటిని ఎదిరించినవాళ్లూ గోడల మీద ఏమేమి అంటించారు, ఆ కాగితాల్లో తిండి సంగతి ఎంత ఉంది అన్నదే నా యావ. ఇక్కడే చదువుకుంటున్న మా మేనకోడలు సోమవారం చాలా మ్యూజియాలు మూసి ఉంటాయని ముందే చెప్పింది. "మావయ్యా, ఈ రోజుకి మీ గోడలే చూద్దాం పదండి" అంటూ బయల్దేరదీసింది.

వెతకాల్సిన పని లేకపోయింది. పాత బడి గోడ మీద, రాతిలో చెక్కినట్టున్న నల్లటి పెద్ద అక్షరాలు: "దెఫాన్స్ దాఫిషే, ల్వా ద్యు 29 జూయే 1881". ప్రకటనలు అంటించరాదు, 1881 జూలై 29 నాటి చట్టం అని అర్థం. తమాషా ఏమిటంటే, ఆ తేదీ ఫ్రాన్స్‌లో పత్రికా స్వేచ్ఛ చట్టం వచ్చిన తేదీ. స్వేచ్ఛనిచ్చిన చట్టం పేరు ఊరంతటా "వద్దు" అనే మాట పక్కనే కనిపిస్తుంది. ఎవరైనా పోస్టరు వేయవచ్చు, అయితే ఎక్కడ వేయకూడదో చెప్పే అధికారం మునిసిపాలిటీకి ఉంటుంది. ఆ చట్టంలోనే 15వ అధికరణం ఇంకో మాట అంటుంది: తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు ప్రభుత్వ ప్రకటనలకే. మిగతా అందరూ రంగు వాడుకోవాలి. ఈ ఏర్పాటు 1791 జూలైలో, విప్లవం రోజుల్లోనే మొదలైంది. అక్షరం రాని మనిషి కూడా దూరం నుంచే ఇది సర్కారు మాట, అది మరెవరి మాటో అని పోల్చుకోగలగాలన్నది ఉద్దేశం. సర్కారు కాగితాన్ని చింపితే శిక్ష.

ఆ చట్టం చివర్లో, ఇది అల్జీరియాకూ ఫ్రెంచి వలస ప్రాంతాలకూ వర్తిస్తుందని ఉంది. అంటే గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానాం గోడలూ ఈ చట్టం కిందికే వచ్చాయి. 1954 వరకు అక్కడ ఫ్రెంచి పాలనే. కాకినాడకు కూతవేటు దూరంలో ఉన్న ఊళ్లో తెల్ల కాగితం ఎవరిదో పారిస్ నిర్ణయించింది.

మధ్యాహ్నం రొట్టెల దుకాణం ముందు ఆగాం. అద్దానికి లోపలివైపు ధరల పట్టిక, ఒక్కో రొట్టె పేరు, బరువు, ధర, బయట నిలబడి చదువుకునేట్టుగా. ఇది దుకాణదారు మర్యాద కాదు, నిబంధన. రొట్టె ధరను నియంత్రించడం ప్రభుత్వం 1978 ఆగస్టులో మానుకుంది. అదే ఏడాది నవంబరులో ధర, బరువు జనానికి కనిపించేలా పెట్టాలని ఉత్తర్వు ఇచ్చింది. ధర మీద పట్టు వదులుకున్నా కాగితం మీద పట్టు వదులుకోలేదన్న మాట.

మంగళవారం, ఆంబ్వాజ్

ఆస్టర్లిట్జ్ స్టేషన్ నుంచి రైలు. లువార్ నది దాటగానే కొండ మీద కోట కనిపిస్తుంది. యాత్రికుల్లో చాలామంది లియొనార్దో దా విన్చీ సమాధి కోసం వస్తారు. నేను వచ్చింది ఒక తలుపు కోసం, అదీ ఇప్పుడు చూపించడానికి వీల్లేని తలుపు.

1534 అక్టోబరు 17 రాత్రి తెల్లవారేలోగా పారిస్, ఒర్లెయాన్, బ్ల్వా, తూర్, రువాన్ పట్టణాల గోడల మీద ఒకే కాగితం వెలిసింది. ఒక ప్రతి సాక్షాత్తూ రాజు మొదటి ఫ్రాన్స్వా పడకగది తలుపు మీదే కనిపించిందని చెబుతారు. రాజు అప్పుడు ఆంబ్వాజ్‌లో ఉన్నాడు. రాసినవాడు ఆంత్వాన్ మార్కూర్ అనే ప్రొటెస్టెంటు బోధకుడు, అచ్చయింది స్విట్జర్లాండ్ వైపున్న నూషాతెల్‌లో. సరిహద్దు దాటించి దేశమంతా ఒకే రాత్రి అంటించారంటే వాళ్ల ఏర్పాటు ఎంత పకడ్బందీగా ఉందో ఊహించుకోవచ్చు.

అందులో ఏముంది? రొట్టె. చర్చిలో పూజారి చేతిలోని రొట్టె నిజంగానే క్రీస్తు శరీరం అవుతుందా కాదా అన్న వాదం. కాదు, అదంతా మోసం అని మార్కూర్ ఘాటైన మాటలతో రాశాడు. ఫ్రాన్స్ చరిత్రలో రాజ్యాన్ని గడగడలాడించిన తొలి పోస్టరు రొట్టె గురించే కావడం నాకు యాదృచ్ఛికం అనిపించదు. ఆ దేశంలో రొట్టె మీద చెయ్యి వేసినవాడు పీఠం మీద చెయ్యి వేసినట్టే.

రాజు జవాబు భయంకరంగా ఉంది. 1535 జనవరి 13న రాజ్యంలో అచ్చుపనినే నిషేధించాడు. అమలు చేయడం సాధ్యం కాక కొద్ది వారాల్లోనే సడలించాల్సి వచ్చింది. జనవరి 21న పారిస్ వీధుల్లో తల మీద టోపీ లేకుండా, చేతిలో కొవ్వొత్తితో ఊరేగింపులో నడిచాడు. ఆ రోజే ఆరుగురిని తగలబెట్టారు. కవి క్లెమాన్ మారో దేశం విడిచి పారిపోయాడు. ఆయనకు ఇది కొత్త కాదు. అంతకు కొన్నేళ్ల ముందు ఉపవాస దినాల్లో పంది కొవ్వు తిన్నాడన్న నేరం మీద జైలు చూసి వచ్చాడు. ఏ రోజు ఏది తినకూడదో చర్చి చెప్పేది, తినకపోతే సరే, తింటే జైలు.

కోట మెట్లు దిగుతుండగా మా మేనకోడలు అడిగింది: "రాజు తలుపు దాకా ఎవరు వెళ్లి ఉంటారు మావయ్యా? కాపలావాళ్లే అయి ఉంటారు." నేనూ అదే అనుకుంటున్నాను. లోపలి మనిషి చెయ్యి లేకుండా అది సాధ్యం కాదు. రాజు కోపంలో సగం భయం కూడా అందుకే.

బుధవారం, పారిస్

పొద్దున్నే ఒతెల్ ద వీల్, అంటే నగర పాలక భవనం. ముందున్న మైదానాన్ని ఒకప్పుడు ప్లాస్ ద గ్రేవ్ అనేవారు. ఉరితీతలు ఇక్కడే. 1775 మే 11న ఇక్కడ ఇద్దరిని ఉరితీశారు, వాళ్లలో ఒకడికి 16 ఏళ్లు. నేరం: పిండి దోపిడీల్లో పాల్గొనడం.

ఆ కథ తుర్గో అనే మంత్రితో మొదలవుతుంది. అంతవరకు పారిస్ పోలీసు అంటే దొంగల్ని పట్టుకునేవాళ్లు మాత్రమే కాదు. ఏ సంతకు ఎంత ధాన్యం రావాలి, రొట్టె ఎంత బరువుండాలి, ఎంతకు అమ్మాలి అన్నది వాళ్లే చూసుకునేవారు. 1774 సెప్టెంబరు 13న తుర్గో ధాన్యం వ్యాపారానికి కళ్లాలు తీసేశాడు. ఆ ఏడాది పంట సరిగా రాలేదు. మామూలుగా 8, 9 సూలు (సూ అంటే అప్పటి చిల్లర నాణెం) ఉండే నాలుగు పౌన్ల రొట్టె మే నెల మొదట్లో 14 సూలకు చేరింది. చుట్టుపక్కల ఊళ్ల జనం సంతల మీద పడ్డారు. అందరూ దోచుకోలేదు, చాలాచోట్ల తమకు న్యాయం అనిపించిన ధర చేతిలో పెట్టి మరీ పిండి పట్టుకుపోయారు. ఈ సంగతి నాకు బాగా నచ్చుతుంది. దోపిడీకి వచ్చి డబ్బిచ్చి వెళ్లే గుంపును దొంగలనడం కష్టం.

అప్పుడు గోడల మీద పెద్ద తగాదా జరిగింది. పారిస్‌లోని ఉన్నత న్యాయస్థానం, దాన్ని పార్లమా అనేవారు, రొట్టె ధర తగ్గించమని రాజును వేడుకుంటూ మే 4న తీర్మానం చేసి అచ్చువేయించి గోడలకెక్కించింది. తుర్గో ఊరుకోలేదు. వాటి మీద రాజాజ్ఞను అంటించి కప్పించాడు. జనం ఆకలితో ఉంటే పెద్దవాళ్లు జిగురు బకెట్లతో పోట్లాడుకున్నారు.

మధ్యాహ్నం మారే పేటలోని కార్నావాలె మ్యూజియం, ఊరి చరిత్రంతా అక్కడే ఉంటుంది, శాశ్వత ప్రదర్శనకు టికెట్టు లేదు. విప్లవం గదుల్లో అందరూ బాస్తీల్ రాతి బొమ్మ దగ్గర గుమిగూడుతారు. నేను వెతికేది అందంలేని కాగితాలు: చట్టాలు, ధరలు, హెచ్చరికలు.

1793 సెప్టెంబరు 29 నాటి చట్టాన్ని ఒకసారి నిదానంగా చదవాలి. దాన్ని మాక్సిమమ్ అంటారు. నిత్యావసరాలకు గరిష్ఠ ధర నిర్ణయించే చట్టం. మాంసం, పంది కొవ్వు, వెన్న, ఉప్పు చేప, వైను, వెనిగర్, కట్టెలు, బొగ్గు, కొవ్వొత్తులు, సబ్బు, చక్కెర, తేనె అంటూ సాగే ఆ జాబితాలో, తేనె తరువాత తోళ్లకు ముందు, తెల్ల కాగితం అని ఉంటుంది. తిండి సరుకుల నడుమ కాగితం! ఆ పాలనకు కాగితం కూడా నిత్యావసరమే. అది లేకపోతే ఈ ధరలన్నీ ఏ గోడ మీద చెప్పాలి?

లెక్క సూటిగా ఉంది: ధరలు 1790లో ఎంత ఉన్నాయో దానికి మూడో వంతు కలపాలి, కూలి మాత్రం సగం కలపాలి. అంటే కాగితం మీద కూలివాడికే లాభం. అంతకు రెండు నెలల ముందు, జూలై 26న, సరుకు దాచేవాళ్లకు మరణశిక్ష అన్నారు. కొట్టు తలుపు మీద లోపల ఏ సరుకు ఎంత ఉందో రాసి అంటించాలన్నారు. ఊళ్లో ప్రతి గోదామూ ఒక ప్రకటన అయిపోయింది. పొరుగువాడు దాన్ని చదివి లోపలికి తొంగిచూసి ఫిర్యాదు చేయవచ్చు.

నవంబరులో ఇంకో అడుగు వేశారు. లియోన్‌లో ఫూషే, కొల్లో దెర్బ్వా అనే విప్లవ ప్రభుత్వ ప్రతినిధులు ధనికుడికి తెల్ల రొట్టె, పేదవాడికి తవుడు రొట్టె అనే తేడా ఉండకూడదని, అందరికీ ఒకే రకం "సమానత్వపు రొట్టె" కాల్చాలని ఉత్తర్వు ఇచ్చారు. పారిస్ నగర పాలకులు కూడా ఆ దారే పట్టారు. మాట గొప్పగానే ఉంది. రుచి గురించి మాత్రం ఎవరూ గొప్పగా రాయలేదు. లియోన్‌లో అదే చేతులు వందలమందిని చంపించాయన్నది కూడా పక్కన పెట్టలేం. రొట్టెలో సమానత్వం, మెడ మీద కత్తి, రెండూ ఒకే సంతకంతో వచ్చాయి.

మాక్సిమమ్ ఎక్కువకాలం నిలవలేదు. రైతులు సరుకు సంతకు తేవడం మానేశారు, కూలికి కూడా గరిష్ఠం ఉండడం పారిస్ కూలివాళ్లకు మింగుడు పడలేదు. 1794 డిసెంబరు 24న రద్దు చేశారు. వెంటనే ధరలు ఆకాశానికి, చలి పాతాళానికి. 1795 మే 20న శాసనసభలోకి దూసుకువచ్చిన జనం టోపీల మీద ఒక కాగితం గుచ్చుకుని ఉంది: "రొట్టె, 93 నాటి రాజ్యాంగం". గోడ అందుబాటులో లేనప్పుడు మనిషే గోడ అయ్యాడు.

గురువారం, రువాన్

రోజంతా వాన. కేథడ్రల్‌కు కుడివైపున్న గోపురాన్ని "వెన్న గోపురం" అంటారు. ఉపవాస దినాల్లో వెన్న, పాలు తినడానికి చర్చి అనుమతి అమ్మి, ఆ డబ్బుతో చాలావరకు కట్టించిందని ఆ పేరు. నిషేధం ఉంటేనే మినహాయింపుకు ధర పలుకుతుంది. గోపురం నిజంగా బాగుంది. తడిసిన బూట్లతో సాయంత్రం రైలెక్కేశాం.

శుక్రవారం, మో

తూర్పు స్టేషన్ నుంచి అరగంట పైచిలుకు ప్రయాణం. మో పట్టణం పేరు జున్ను తినేవాళ్లందరికీ తెలుసు: బ్రీ ద మో. ఎక్కడి పాలు, ఎలా చేయాలి, ఎన్నాళ్లు మగ్గాలి అన్నది చట్టం చెప్పే జున్ను, 1980 నుంచి ఆ పేరుకు రక్షణ ఉంది. ఇక్కడే 2011 నవంబరు 11న మొదటి ప్రపంచ యుద్ధం మ్యూజియం తెరిచారు. 1914లో జర్మన్లను ఆపిన మార్న్ యుద్ధభూమి ఈ పొలాలే.

యుద్ధం పోస్టర్లనగానే తుపాకీ, జెండా గుర్తుకొస్తాయి. నాకు ఇష్టమైనది కోడిపెట్ట పోస్టరు. 1918లో పొదుపు గురించి బడిపిల్లలతో పోస్టర్లు గీయించారు, జాతీయ పొదుపు సంఘం తరఫున వాటిని అచ్చువేసి గోడలకెక్కించారు. ఒక దానిలో, లేత రంగు నేల మీద బలిసిన కోడిపెట్ట, పక్కనే గుడ్లు. కింద దాని మాట: "నేను యుద్ధకాలపు మంచి కోడిపెట్టను, తక్కువ తింటాను, ఎక్కువ పెడతాను". ఇంకోదానిలో చక్కెర ముక్కను రెండుగా విరవమంటారు. మరొకటి వైనును సైనికుల కోసం ఉంచమంటుంది, ఇంకొకటి మాంసం తక్కువ తినమంటుంది.

వీటి ముందు ప్రభుత్వం వేసే తెల్ల కాగితాలు వెలవెలబోయాయి. చక్కెర కార్డు 1917లో వచ్చింది, రొట్టె కార్డు 1918లో. "కార్డు ఉంటే కొంచెమే దొరుకుతుంది, కానీ అందరికీ దొరుకుతుంది" అన్న అర్థంలో పిల్లలు గీసిన పోస్టరు కూడా ఉంది. మా చిన్నప్పుడు రేషన్ షాపు తలుపు మీద సుద్దతో రాసే స్టాకు బోర్డు ఎవరికీ నమ్మకం కలిగించేది కాదు. ఇదే మాట పదేళ్ల పిల్లవాడి చేత గీయిస్తే పెద్దవాళ్లు కాదనలేరని అక్కడి అధికారులకు తెలిసింది. తెలివైన పని, కొంచెం దుర్మార్గమైన పని కూడా. తండ్రి యుద్ధభూమిలో, కందకంలో ఉన్న పిల్లలతో చక్కెర వద్దని చెప్పించడం అంత తేలిగ్గా మింగుడు పడదు నాకు.

శనివారం, పారిస్ ఎడమ గట్టు

ర్యూ ద బ్యూసి ఇప్పుడు కాఫీ బల్లలు, పువ్వుల దుకాణాలు. 1942 మే 31, ఆదివారం. పారిస్ జర్మన్ల ఆక్రమణలో ఉంది; ఆ రోజు, వాళ్లతో చేతులు కలిపిన విషీ ప్రభుత్వం ఆర్భాటంగా జరిపే తల్లుల దినోత్సవం. ఇక్కడ ర్యూ ద సేన్ మూలన ఉన్న కిరాణా దుకాణం ముందు ఆడవాళ్లు బారులు తీరి ఉన్నారు. కమ్యూనిస్టు ఉపాధ్యాయురాలు మాద్లెన్ మార్జాఁ, ఆమె తోటివాళ్లు లోపలికి చొరబడి సార్డీన్ చేపల డబ్బాలు తీసి వరుసలో ఉన్నవాళ్లకు విసిరారు. వాళ్లకు కాపలా ఉన్న యువకులకూ పోలీసులకూ మధ్య కాల్పులు జరిగాయి. ఇద్దరు పోలీసులు చనిపోయారు, తరువాత పట్టుబడ్డ కొందరికి గిలటిన్. మార్జాఁకు మరణశిక్ష వేసి తగ్గించారు, వేరే జైలుకు తరలిస్తుండగా మోంపర్నాస్ స్టేషన్లో ఆమె తప్పించుకుంది.

చేపల డబ్బా కోసం ఇంతా? అప్పటి లెక్క చూస్తే అర్థమవుతుంది. 1940 సెప్టెంబరు నుంచి రేషన్ కార్డుల కోసం మనుషుల్ని అక్షరాలుగా విడదీశారు: మూడేళ్లలోపు పిల్లలు 'ఈ' (E), 13 నుంచి 21 ఏళ్ల వాళ్లు 'జె3' (J3), మామూలు పెద్దవాళ్లు 'ఏ' (A), బరువు పనివాళ్లు 'టి' (T), 70 దాటినవాళ్లు 'వి' (V). 'ఏ' (A) కార్డువాడికి 1941లో రోజుకు 275 గ్రాముల రొట్టె. కార్డు ఉన్నంత మాత్రాన సరుకు ఉందని కాదు. ఈ కార్డులు యుద్ధం అయ్యాక కూడా 1949 దాకా పోలేదు.

అదే పేటలో నాలుగడుగులు వేస్తే ర్యూ బొనపార్త్, అక్కడ లలిత కళల కళాశాల. విద్యార్థులూ కార్మికులూ ప్రభుత్వం మీద తిరగబడ్డ రోజులవి. 1968 మే 14 నుంచి జూన్ 27న పోలీసులు వచ్చేవరకు ఇక్కడి విద్యార్థులు పట్టు తెరల మీద రంగు తోసి పోస్టర్లు తీశారు. ప్రతి బొమ్మనూ సభలో పెట్టి ఓటేసేవారు, ఎవరూ సంతకం చేసేవారు కాదు. "జీతాలు తేలిక, ట్యాంకులు బరువు" అన్నది వాటిలో నాకు నచ్చింది. పక్క వీధిలో వాటి నకళ్లు చట్రం కట్టి అమ్ముతున్నారు. గోడలకూ కర్మాగారాలకూ అని చేసినవాటిని సోఫా పైన వేలాడదీయడం ఏమో! మేనకోడలు ఒకటి కొంటానంది, కొనుక్కోనిచ్చాను.

ఇదే నగరంలో 1944 ఫిబ్రవరిలో జర్మన్లు వేయించిన ఎర్ర పోస్టరు గురించి కూడా చెప్పాలి. పది ముఖాలు, విదేశీ పేర్లు, "విముక్తి చేసేవాళ్లా? నేరస్థుల సైన్యం" అన్న వ్యాఖ్య. జర్మన్లను రహస్యంగా ఎదిరించిన మిసాక్ మనూషియాన్ దళంలో 22 మందిని ఫిబ్రవరి 21న మాన్ వలేరియాన్ కోటలో కాల్చారు. జనాన్ని భయపెట్టడానికి వేసిన పోస్టరే వాళ్లను వీరుల్ని చేసింది. సరిగ్గా 80 ఏళ్లకు, 2024 ఫిబ్రవరి 21న, మనూషియాన్ దేశం గొప్పవాళ్ల సమాధులుండే పాంథియన్‌లోకి వెళ్లాడు.

ఆదివారం, బెల్విల్

చివరి రోజు 1871 కోసం. అప్పుడు ప్రష్యా సైన్యం ఊరిని చుట్టుముట్టింది. జనవరి 7న గోడల మీద ప్రభుత్వాన్ని ఎదిరించేవాళ్ల ఎర్ర కాగితం: "సార్వత్రిక స్వాధీనం, ఉచిత రేషన్, మూకుమ్మడి దాడి". సైనికాధికారి త్రోషు బదులుగా "పారిస్ గవర్నరు లొంగిపోడు" అని కాగితం వేయించాడు. అతడు చెప్పింది ఒక విధంగా నిజమే: లొంగుబాటు సమయానికి అతడు ఆ పదవిలో లేడు. జనవరి 19 నుంచి మనిషికి 300 గ్రాముల రొట్టె, జనవరి 28న యుద్ధవిరామం.

వసంతంలో కమ్యూన్, అంటే పారిస్ జనం తిరగబడి పెట్టుకున్న నగర ప్రభుత్వం, పారిస్‌ను పాలించింది. అది వేసిన వందలకొద్దీ ప్రకటనలు జాతీయ ముద్రణాలయంలో, తెల్ల కాగితం మీద, అచ్చం పాత సర్కారు పద్ధతిలోనే అచ్చయ్యాయి. తిరుగుబాటుదారులు ముందు చేజిక్కించుకున్నవాటిలో కాగితం రంగు ఒకటి. వాటిలో ఏప్రిల్ 20 నాటిది రొట్టెలవాళ్ల రాత్రిపనిని నిషేధిస్తుంది. యజమానులు గొల్లుమన్నారు, పొద్దున్నే వేడి రొట్టె లేకపోతే ఊరు ఊరుకుంటుందా అని. హంగేరీ నుంచి వచ్చిన లియో ఫ్రాంకెల్ మాత్రం కమ్యూన్ చేసిన అసలైన సోషలిస్టు పని ఇదేనని వాదించాడు. పనివాళ్లు ఊరేగింపుగా వచ్చి కృతజ్ఞత చెప్పారు. కొన్ని వారాల్లోనే కమ్యూన్ కథ అయిపోయింది. పేర్ లాషేజ్ శ్మశానం గోడ దగ్గర మే 28న కమ్యూన్ తరఫున పోరాడిన 147 మందిని కాల్చారు. ఆ గోడ మీద ఏ కాగితమూ అంటించనక్కర్లేదు.

రొట్టెలవాడి నిద్ర మళ్లీ 1919లో చట్టంలోకి వచ్చింది: రాత్రి పదింటి నుంచి తెల్లవారుజామున నాలుగింటి వరకు పని వద్దు. త్వరగా కాలే సన్నటి రొట్టె వ్యాపించడానికి అదీ ఒక కారణమంటారు. 1920 ఆగస్టులో పారిస్ ఉన్న సేన్ జిల్లా ఉత్తర్వు బగెత్ అనే ఆ సన్నటి రొట్టెకు 80 గ్రాముల కనీస బరువు, 40 సెంటీమీటర్ల గరిష్ఠ పొడవు, 35 సాంతీముల (ఫ్రాంకులో నూరో వంతు సాంతీము) గరిష్ఠ ధర నిర్ణయించింది. ఇప్పుడు దుకాణాల్లో కనిపించే పొడవుతో పోలిస్తే అది పిల్ల రొట్టె.

బెల్విల్ కొండ దిగుతూ కాఫీ దుకాణంలో కూర్చున్నాం. గల్లాపెట్టె పక్కన, సీసాల వరుస కింద, బహిరంగ తాగుడు గురించి చిన్న అచ్చు కాగితం. మద్యం అమ్మే ప్రతిచోటా ఇది ఉండాలి. మూలం 1873 జనవరి 23 నాటి చట్టం. కమ్యూన్‌ను అణచిన ఆ శాసనసభే, ఆ తిరుగుబాటుకు తాగుడు ఒక కారణమని నమ్మి, ఈ చట్టాన్ని చేసి ప్రతి మునిసిపాలిటీ తలుపు మీదా ప్రతి తాగుడు దుకాణంలోనూ అంటించమంది. మొదటిసారి దొరికితే ఒకటి నుంచి అయిదు ఫ్రాంకుల జరిమానా. ఆకలి గోడ మీద కనిపించకుండా చూసుకున్నవాళ్లు, తాగుడును మాత్రం బల్ల ముందు వేలాడదీశారు. దాన్ని చదవడానికి నేను లేస్తే యజమాని ఏమైందని అడిగాడు. ఏమీ లేదని చెప్పి, ఇద్దరికీ తెల్ల వైను తెమ్మన్నాం.